గంట కొట్టే అధికారం ఎవరిది?



"ఎవరినీ నొప్పించడం నా ఉద్దేశం కాదు" అని ముందుగా ఒక మాట అనేసి, ఆ తరువాత విషయంలోకి దిగడం మన బ్లాగుల్లో రివాజు. ఈ టపాకి ఆ మాట పనికిరాదు. కళాశాలలు నడిపే పెద్దమనుషుల్లో ఒకరిద్దరైనా దీన్ని చదివి నొచ్చుకుంటే నా శ్రమ ఫలించిందనుకుంటాను.

కొన్నేళ్ళ కిందటి సంగతి. నాచారం పారిశ్రామికవాడ గోడకు కూతవేటు దూరంలో ఉన్న ఒక కళాశాలలో అప్పుడు పాఠాలు చెప్పేవాణ్ణి. దాని పేరు ఇక్కడ రాయను. రాస్తే మిగిలిన కళాశాలలన్నీ ఈ గొడవ తమది కాదని ఊపిరి పీల్చుకుంటాయి. వానలు వెనకబట్టిన రోజులు. మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదటి పీరియడు. ముక్కుపుటాలు మండించే వాసన ఒకటి కిటికీల్లోంచి వచ్చింది. అక్కడ వాసనలు కొత్త కాదు. నాచారం, మల్లాపూర్ వాసులకు ఏ వేళ ఏ వాసన వీస్తుందో పంచాంగం చూడకుండానే తెలుస్తుంది. కానీ ఈసారి వెనక బెంచీల్లో దగ్గు మొదలైంది. పిల్లల కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మా అందరికంటే ముందు సంగతి తెలిసినవాడు మా అటెండరు. గోడ అవతల ఏదో పీపా పగిలిందనీ, అక్కడి కూలీలు బయటికి పరుగెత్తుతున్నారనీ గేటు దగ్గర వాచ్‌మెన్ అతనికి చెప్పాడు. పెద్దాయన గబగబా వచ్చి ప్రిన్సిపాలు గది ముందు నిలబడ్డాడు. గంట అతని చేతికి అందేంత దూరంలోనే వేలాడుతోంది. "సార్, లాంగ్‌బెల్ కొట్టాల్నా?" అని అడిగాడు. "ఆగవయ్యా, పెద్దసారు లైన్లోకి రానీ" అన్నారు లోపలినుంచి. పెద్దసారంటే కరస్పాండెంటు. ఆయన ఇంకో ఫోనులో ఉన్నారు.

ఆ "ఆగవయ్యా" ఖరీదు ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాల్లో ఒక బ్లాకులో కిటికీలు మూశారు. పక్క బ్లాకులో గాలి ఆడాలని బార్లా తెరిచారు. పై అంతస్తు పిల్లలు కొందరు మెట్లు దిగి గేటు వైపు పరుగెత్తారు. నాలుగు గంటల దాకా గేటు తాళం తీయరాదన్నది నియమం, తాళంచెవి ఆఫీసులో. అవతలినుంచి గాలి నేరుగా ఆ గేటు మీదికే వీస్తోంది. చివరికి పెద్దాయన ఎవరి అనుమతీ లేకుండా వెళ్ళి గంట కొట్టాడు. అదృష్టం బాగుండి ఎవరి ప్రాణానికీ ముప్పు రాలేదు. ఉబ్బసం ఉన్న ఒక అమ్మాయిని, మరో ఇద్దరినీ ఆసుపత్రికి తీసుకువెళ్ళాం.

ఆ సాయంత్రం తల్లిదండ్రుల సెల్‌ఫోన్లకు, యంత్రం తనంత తానుగా పంపే ఎస్సెమ్మెస్ ఒకటి వెళ్ళింది. మీ పిల్లవాడు ఈరోజు చివరి పీరియడ్లకు హాజరు కాలేదని. కళాశాలనుంచి ఆ రోజు బయటికి వెళ్ళిన సమాచారం అదొక్కటే. మరునాడు స్టాఫు మీటింగులో రెండు నిర్ణయాలు జరిగాయి. జరిగినదాని గురించి బయట, ముఖ్యంగా పత్రికలవారితో, ఎవరూ మాట్లాడరాదన్నది మొదటిది. అనుమతి లేకుండా గంట కొట్టినందుకు అటెండరుకు మెమో ఇవ్వాలన్నది రెండోది.

నేను ఆ మీటింగులో కూర్చున్నాను. నోరెత్తలేదు. ఈ టపా ఆ మౌనానికి ఇన్నేళ్ళ తరువాత కడుతున్న వడ్డీ.

నా వాదన ఒక్కటే. ఆపద వేళ మన కళాశాలల్లో కొరవడుతున్నది పరికరాలు కావు. గంట ఉంది, మైకు ఉంది, గదిగదికీ కెమెరా ఉంది, ప్రతి తండ్రి ఫోను నంబరూ కంప్యూటరులో ఉంది. లేనిది గంట కొట్టే అధికారం. ఆపదను మొదట చూసేవాడు ఎప్పుడూ కిందిమెట్టు మనిషే: వాచ్‌మెన్, స్వీపరు, ల్యాబు అసిస్టెంటు, బస్సు డ్రైవరు. హెచ్చరించే అధికారం మాత్రం పైమెట్టు మీద, తరచూ క్యాంపసులోనే లేని మనిషి చేతిలో. ఈ రెండు మెట్ల మధ్య కబురు నడిచేంతసేపూ పిల్లలు ఆపదలో ఉంటారు.

ఇది నా ఒక్కడి అనుభవంనుంచి తీసిన సూత్రం కాదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారంనుంచి స్టైరీన్ ఆవిరి ఊరిమీద పడింది. పన్నెండుమంది చనిపోయారు. రాష్ట్ర ప్రభుత్వం నియమించిన హైపవర్ కమిటీ ఆ ఏడాది జులైలో ఇచ్చిన నివేదికలో ఒక వివరం ఉంది. కర్మాగారంలో సైరన్ మోగించగల చోట్లు 36 ఉన్నాయి. ఒక్కచోటనుంచీ సైరన్ మోగలేదు. యంత్రం లేకపోవడం దారిద్ర్యం. ముప్పైఆరు మీటలుండీ ఒక్కటీ నొక్కకపోవడానికి ఏం పేరు పెడదాం? పైవాడు చెప్పనిదే కిందివాడు ముట్టుకోరాదన్న శిక్షణ ఎక్కడైనా మనిషి చేతిని ఇలాగే కట్టేస్తుంది. మా పెద్దాయన చేతిని ఇరవై నిమిషాలు కట్టేసింది అదే.

సంపన్న దేశాలు దీనికి అతీతమేమీ కాదు. 2007 ఏప్రిల్ 16న అమెరికాలోని వర్జీనియా టెక్‌లో ఉదయం ఏడుంబావు ప్రాంతంలో ఒక వసతిగృహంలో ఇద్దరిని కాల్చి చంపారు. విద్యార్థులకు మొదటి ఈమెయిలు వెళ్ళింది 9 గంటల 26 నిమిషాలకు. ఆ తరువాత కాసేపటికే అదే హంతకుడు తరగతి గదుల్లోకి జొరబడి మరో ముప్పైమందిని పొట్టనబెట్టుకున్నాడు. వారిలో ఒకరు తమిళనాడునుంచి వెళ్ళిన జలవనరుల ఆచార్యుడు లోగనాథన్. విచారణ సంఘం తేల్చిన లోపాల్లో ఒకటి వినండి. సంగతి అందరికంటే ముందు తెలిసిన క్యాంపసు పోలీసులకు హెచ్చరిక తామే పంపే వెసులుబాటు లేదు. ఆ పని పైఅధికారుల బృందం కూర్చుని చేయాలి. బృందం కూర్చుంది, చర్చించింది, గడియారం నడిచింది. పేర్లు మార్చి చదువుకుంటే ఇది మా నాచారం కథే.

తేడా ఆ తరువాత జరిగినదాంట్లో ఉంది. 2008లో అక్కడి చట్టాన్ని సవరించారు. ఆపద నిర్ధారణ కాగానే జాగు లేకుండా క్యాంపసంతటికీ తెలపాలనీ, ఆ ఏర్పాటును ఏడాదికి ఒకసారైనా పరీక్షించి చూడాలనీ శాసించారు. 2007 డిసెంబరు 13న లూసియానా స్టేట్ యూనివర్సిటీలో ఇద్దరు తెలుగు పరిశోధక విద్యార్థులు హత్యకు గురైనప్పుడు మనందరం కోపంతో ఊగిపోయాం. అక్కడి క్యాంపసుల్లో మన పిల్లలకు భద్రత ఏదని అడిగాం. న్యాయమైన ప్రశ్నే. మరి అదే ప్రశ్న ఉప్పల్ రింగురోడ్డు పక్కనున్న కళాశాలను అడిగామా?

అడగవలసిన చోటు ఏదైనా ఉంటే అది ఉప్పలే. పటం తెరిచి చూడండి. ఉప్పల్, నాచారం, మల్లాపూర్, చర్లపల్లి పారిశ్రామికవాడలు ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. చర్లపల్లిలో వంటగ్యాసు నింపే కర్మాగారాలున్నాయి. వీటి సందుల్లో బడులు, జూనియర్ కళాశాలలు, ఇంజనీరింగు కళాశాలలు, హాస్టళ్ళు. మ్యాచి ఉన్న రోజున స్టేడియం చుట్టూ రోడ్లు కిక్కిరిసిపోతే అంబులెన్సు దారి వెతుక్కోవాలి. ఇంకో విచిత్రం. భూకంపాల సంగతి తెలిసిన ఎన్‌జీఆర్‌ఐ హబ్సిగూడలో ఉంది. రసాయనాల గుణం తెలిసిన ఐఐసీటీ తార్నాకలో ఉంది. ఆటో ఎక్కితే చేరుకునే దూరంలో ఇంత విజ్ఞానం పెట్టుకుని, మా పక్క గోడ అవతల ఏ పీపాలో ఏముందో మాకు తెలియదు.

తెలుసుకునే హక్కు లేదా? ఉంది. భోపాల్ విషాదం తరువాత, 1989లో వచ్చిన ప్రమాదకర రసాయనాల నియమావళి ప్రకారం, పెద్ద ప్రమాదం జరగగల కర్మాగారం తన చుట్టుపక్కల వారికి ఆ ప్రమాదం ఎలాంటిదో, జరిగితే ఏం చేయాలో ముందే తెలపాలి. 1996 నాటి నియమాలు జిల్లాస్థాయి సంక్షోభ బృందాలను కూడా ఏర్పాటు చేయమన్నాయి. నేను పనిచేసిన కాలంలో మా కళాశాలనుంచి పక్క కర్మాగారానికి ఒక్క ఉత్తరం పోయినట్టు ఎరుగను. ప్రహరీ గోడ వివాదం మీద మాత్రం పోయింది.

నిప్పు, వాయువు సరే, నీళ్ళ మాట. 2020 అక్టోబరు 13న ఘట్‌కేసర్‌లో ఒక్కరోజున 32 సెంటీమీటర్లు దాటి వాన కురిసింది. హబ్సిగూడ వీధి నంబరు 8, రామంతాపూర్, ఉప్పల్ నాలా పరిసరాలు మునిగిపోయాయి. రోజుల తరబడి జనం పై అంతస్తుల్లో గడిపారు. కరోనా మూలంగా అప్పుడు కళాశాలలన్నీ మూసి ఉన్నాయి కనుక సరిపోయింది. అదే వాన మామూలు సంవత్సరంలో మధ్యాహ్నం రెండింటికి కురిసి ఉంటే ఏ పిల్లల్ని ఎప్పుడు పంపాలి, ఏ దారిన పంపాలి, ఎవరిని ఆపాలి? ఎవరు చెప్పేవారు? ఎవరికి చెప్పే అధికారం ఉండేది?

ఇక ప్రతివాదాలు. ఇవన్నీ నేను స్వయంగా విన్నవే.

మొదటిది: "గంట కొడితే పిల్లలు బెదిరిపోయి తొక్కిసలాట జరుగుతుందండీ." వినడానికి ఎంతో బాధ్యతగా ఉంటుంది. ఎన్రికో క్వారంటెల్లి అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త ఆపదల్లో మనుషుల ప్రవర్తన మీదే దశాబ్దాలపాటు పనిచేశాడు. ఆయన చెప్పిన ముఖ్యమైన విషయం, ఆపదలో వెర్రిగా పరుగెత్తడం అరుదని. జనం సాధారణంగా చేసేది దానికి విరుద్ధం: నమ్మరు, పక్కవాణ్ణి అడుగుతారు, తాత్సారం చేస్తారు. 1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ సినిమాహాలులో 59 మంది పొగకు ఊపిరాడక చనిపోయారు. అక్కడ ఎవరో మైకులో చెప్పడంవల్ల తొక్కిసలాట జరగలేదు. నిప్పు అంటుకుందని మైకులో ఎవరూ చెప్పలేదు, బాల్కనీలోంచి బయటపడే దారి సరిగా లేదు. తాళం వేసిన గేటు ముందు తొక్కిసలాట జరిగితే ఆ నేరం గంటదా, తాళానిదా?

రెండోది: "గోడ బయట జరిగినదానికి కళాశాలకేం బాధ్యత?" దీనికి న్యాయస్థానమే జవాబు చెప్పింది. 2014 జూన్ 8 సాయంత్రం హిమాచల్ ప్రదేశ్ మండి జిల్లా థలౌట్ దగ్గర బియాస్ నదిలోకి లార్జి ఆనకట్టనుంచి నీరు వదిలారు. విజ్ఞానయాత్రకు వెళ్ళిన హైదరాబాదు వి.ఎన్.ఆర్. విజ్ఞానజ్యోతి ఇంజనీరింగు కళాశాల విద్యార్థులు నదిలో రాళ్ళ మీద ఉన్నారు. ఇరవైనలుగురు విద్యార్థులూ, యాత్ర నిర్వాహకుడూ కొట్టుకుపోయారు. ఆ దృశ్యాన్ని టీవీల్లో చూడలేక మనలో ఎంతమంది తలతిప్పుకున్నామో గుర్తుందా? 2016 జనవరిలో ఆ రాష్ట్ర హైకోర్టు ఒక్కొక్క కుటుంబానికి 20 లక్షల పరిహారం నిర్ణయించి, దాంట్లో 60 శాతం విద్యుత్ బోర్డూ, 30 శాతం కళాశాలా, 10 శాతం ప్రభుత్వమూ భరించాలంది. ఆనకట్ట ఎవరిదైనా, పిల్లల్ని తీసుకువెళ్ళినవాడు ఆ నది స్వభావం ముందుగా కనుక్కోవాలని దానర్థం. ఎక్కడో హిమాలయాల్లో ఉన్న ఆనకట్ట సంగతే కనుక్కోవాలన్నప్పుడు, రోజూ కనబడే గోడ అవతలి పీపా సంగతి కనుక్కోనక్కర్లేదా?

మూడోది: "అంతా విధి." ఇది మన జాతి ఊతపదం. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెనలో పదివేలకు తక్కువ కాకుండా పోయారు. 1990 మేలో దాదాపు అంతటి పెనుతుఫానే కోస్తాను కొట్టింది. లక్షమందికి పైగా జనాన్ని ముందుగానే తరలించారు. పోయినవారు వెయ్యిలోపు. అవే తీరాలు, అదే బంగాళాఖాతం. ఆ పదమూడేళ్ళలో మారింది విధి కాదు, కబురు వెళ్ళిన తీరు.

నాలుగోది ఎవరూ పైకి అనరు. "పేరు పోతుంది, అడ్మిషన్లు పడిపోతాయి." అసలు వాదం ఇదే, పై మూడూ దీనికి కట్టిన ముసుగులు. హెచ్చరికను యాజమాన్యం తన పరువుకు సంబంధించిన ఆస్తిగా చూస్తోంది. కాదు. హెచ్చరిక వినవలసినవాడి సొత్తు. దాన్ని ఇరవై నిమిషాలు దగ్గర పెట్టుకోవడం పరాయి సొమ్ము దాచుకోవడమే.

ఇక్కడ మన తెలుగు బ్లాగరులకు ప్రత్యేకంగా సంబంధించిన ముచ్చట ఒకటి ఉంది. కళాశాలలనుంచి వెళ్ళే సందేశాలన్నీ ఇంగ్లీషులోనో, ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగులోనో ఎందుకుంటాయో ఎప్పుడైనా ఆలోచించారా? ఇంగ్లీషు ఎస్సెమ్మెస్‌లో 160 అక్షరాలు పడతాయి. యూనికోడు తెలుగులో 70 మాత్రమే. దాటితే రెండో సందేశం ఖర్చు. అందుకని క్యాంటీనులో వండే అమ్మకీ, గేటు దగ్గర తాతకీ, జనగామనుంచి పిల్లను పంపిన రైతుకీ చదవరాని భాషలో కబురు పంపుతారు. డెబ్భై చాలవని దయచేసి నాతో అనకండి. చూడండి:

"గ్యాస్ లీకైంది. బయటికి రావద్దు. కిటికీలు మూయండి. ఫ్యాన్లు ఆపండి."

ఖాళీలు, చుక్కలు, ఒత్తులు, గుణింతాలతో సహా లెక్కపెట్టండి. అరవైనాలుగు. యూనికోడుతో కుస్తీలు పట్టి, పొల్లుకూ సున్నాకూ కొట్లాడుకున్న మనకు ఇది పెద్ద విద్య కాదు.

ఇంకో చిక్కు ఉంది. 2018లో వచ్చిన టెలికాం నియమావళి ప్రకారం సంస్థలు గుంపుగా పంపే ఎస్సెమ్మెస్‌ల నమూనాలను ముందే నమోదు చేయించాలి. నమూనాతో సరిపోలని సందేశాన్ని మధ్యలోనే ఆపేస్తారు. కళాశాలలు ఫీజు గడువు నమూనా నమోదు చేయించుకున్నాయి. గైర్హాజరు నమూనా చేయించుకున్నాయి. ఆపద వేళ పంపే నమూనా ఏ కళాశాల చేయించిందో కనుక్కోండి. అది లేకపోతే ఆ క్షణాన ప్రిన్సిపాలుకు బుద్ధి పుట్టినా సందేశం కదలదు. వాట్సాప్ ఉంది కదా అంటారు. ఉంది. ఒకే నిమిషంలో పది గుంపుల్లో పది రకాల పుకార్లు దాని మీదే వస్తాయి. అధికారిక కబురు వాటికంటే వెనకబడితే దాన్ని వినేవాడు ఉండడు.

ఏం చేయాలో కూడా చెప్పకపోతే ఇది వట్టి తిట్టు అవుతుంది. నేను అడిగేవి అయిదు.

ఒకటి. ఆపద కంటబడిన ఏ ఉద్యోగి అయినా, ఏ విద్యార్థి అయినా గంట కొట్టవచ్చునని తెలుగులో బోర్డు రాసి గంట పక్కనే తగిలించాలి. పొరబాటున కొట్టినా శిక్ష ఉండదని అదే బోర్డు మీద రాయాలి. "నాన్నా పులి" కథ చెప్పకండి. ఆ కుర్రవాడు వేళాకోళానికి అరిచాడు. ఒక పొరబాటు గంటవల్ల పోయేది ఒక పీరియడు.

రెండు. ఒక్క గంట చాలదు. నిప్పయితే బయటికి రావాలి, విషవాయువైతే చాలాసార్లు తలుపులు మూసుకుని లోపలే ఉండాలి, వరదైతే పైకి ఎక్కాలి. మూడింటికీ ఒకే లాంగ్‌బెల్ కొడితే పిల్లలు ఇళ్ళకు బయలుదేరుతారు. మా దగ్గర జరిగింది అదే. మూడు వేర్వేరు మోతలు, ఆ వెంటనే మైకులో తెలుగు, హిందీ, ఇంగ్లీషుల్లో రెండేసి వాక్యాలు కావాలి.

మూడు. తరగతులు జరిగేంతసేపూ గేటు తాళంచెవి గేటు దగ్గరే ఉండాలి. ఎక్కడ ఏ గాలి వీచినా పనికివచ్చేలా రెండో గేటు ఉండాలి.

నాలుగు. ఆపద సందేశాల నమూనాలు తెలుగులో రాసి ఈ సెమిస్టరులోనే నమోదు చేయించాలి. వాటిని పంపే అధికారం క్యాంపసులో ఆ పూట ఉన్న ఇద్దరికి రాతపూర్వకంగా ఇవ్వాలి. వారు ఎవరికీ ఫోను చేయనక్కర్లేదు.

అయిదు. సెమిస్టరుకు ఒకసారి, చెప్పకుండా, గంట కొట్టి చూడాలి. ఎన్ని నిమిషాలు పట్టిందో నోటీసు బోర్డులో పెట్టాలి.

వీటిలో దేనికీ కోట్లు అక్కర్లేదు. వార్షికోత్సవంలో వేదిక అలంకరణకు అయ్యే ఖర్చులో ఇవన్నీ అయిపోయి ఇంకా మిగులుతుంది. కష్టమైనది మొదటిదొక్కటే, దానికి పైసా ఖర్చు లేదు. అటెండరు చేతిలో అధికారం పెట్టడానికి పెద్దసారుకు మనసు రావాలి, అంతే.

మా ఊళ్ళల్లో చెరువుకు గండిపడే సూచన కనబడితే టముకు వేసేవాడు మునసబు గారి భోజనం అయ్యేదాకా ఆగేవాడు కాదని మా తాతగారు చెప్పేవారు. నీళ్ళు ఆగవు కనుక అతనూ ఆగేవాడు కాదు. ఆ పాటి ఇంగితం మన ఇంజనీరింగు కళాశాలలకు ఎప్పుడొస్తుంది?

మా పెద్దాయన ఆ మెమోకు సంజాయిషీ రాయడానికి నా దగ్గరికి వచ్చాడు. అతనికి రాయడం రాదు. "ఏం రాయమంటావు?" అని అడిగాను. "పిల్లలు దగ్గుతుండ్రు, కొట్టిన, అని రాయండి సార్" అన్నాడు. నేను "పొరబాటున గంట మోగించినందుకు చింతిస్తున్నాను, ఇకముందు ఇలా జరగదు" అని రాసి వేలిముద్ర వేయించాను. ఉద్యోగం నిలబడాలి కదా అనుకున్నాను. నిలబడింది. ఆ కాగితంలో రాసిన అబద్ధం మాత్రం నాది. ఇకముందు ఇలాగే జరగాలని రాయవలసింది.

తా.క.: ఈ టపా చదివేవారిలో అధ్యాపకులున్నారు, పిల్లల్ని కళాశాలలకు పంపేవారున్నారు. రేపు వీలు చూసుకుని గేటు దగ్గర వాచ్‌మెన్‌ను ఒక్క ప్రశ్న అడగండి: "ఇప్పుడు నీకు పొగ కనబడితే ఏం చేస్తావు?" అతను "ఆఫీసులో చెప్తా" అంటే, ఈ టపా అచ్చుతీసి ఆ ఆఫీసులో ఇచ్చి రండి.